గునుగు కొసన గులాబీ రంగు

బిడ్డలారా,

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగాడు: "దసరా సెలవులకు హన్మకొండ వస్తే ఏం చేస్తాం అమ్మమ్మా, బోర్ కొట్టదా?" అని. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. అమ్మను చదివి వినిపించమనకండి. నెమ్మదిగా అయినా మీరే చదువుకోండి.

ముందు ఒక సంగతి చెప్తాను. బడిలో డ్రాయింగ్ చెప్పే రోజుల్లో పిల్లలందరికీ ఒకటే బొమ్మ నేర్పేదాన్ని. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద ఒక ఏరు, ఒడ్డున కొబ్బరిచెట్టు. హన్మకొండలో ఏ గుట్టా అట్లా కొసదేలి ఉండదు. మనవన్నీ బండ మీద బండ పేర్చినట్టుండే గుట్టలు. ఊరు దాటితే కనబడేవి తాడిచెట్లు. అయినా ఏండ్ల తరబడి అదే గీయించాను. ఒకసారి బతుకమ్మ పండగ ముందు గునుగు పువ్వు గీయమంటే, ఆరో తరగతి పిల్ల గులాబీ రంగు పెన్సిల్ తీసింది. "గునుగు తెల్లగా కదమ్మా ఉండేది" అన్నాను. "కొసన చూడండి టీచర్" అంది. మరునాడు పొద్దున చెలకలో నుంచి రెండు కంకులు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నిజమే. కింద అంతా వెండిలా తెలుపు, పైన విచ్చుకుంటున్న కొస మాత్రం లేత గులాబీ. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఏటేటా ఆ పువ్వు కోసి, రంగులద్ది, పేర్చినదాన్ని నేను. ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. ఆ పొద్దు ఆ రెండు కంకులు చేతిలో పట్టుకుని క్లాసులో ఎంతసేపు నిలబడ్డానో! అంత సంతోషం నాకు చాలా కొద్దిసార్లే కలిగింది. చిన్నోడా, మీరు వస్తే నీకు అదే చూపిస్తాను.

గునుగును రైతు కలుపు అంటాడు. మక్కచేలల్లో, పత్తిచేలల్లో, గట్ల మీద ఎవరూ వేయకుండానే మొలుస్తుంది. ముట్టుకుంటే కాగితంలా గరగరమంటుంది. అందులో తడి తక్కువ. అందుకే కోసిన తర్వాత కూడా రోజుల తరబడి ఆకారం చెడదు, రంగునీళ్ళలో ముంచితే రంగు చక్కగా పట్టుకుంటుంది. పువ్వు గుణం తెలిసిన చేతులే దాన్ని బతుకమ్మకు ఎంచుకున్నాయని నా నమ్మకం.

తంగేడు అట్లా కాదు. మన రాష్ట్ర పుష్పం అని బడిలో చదివే ఉంటారు. పొద్దున్నే తంగేడు పొద దగ్గర చెవి పెట్టి వినాలి. ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అది కూడా సన్నని గొట్టాల్లాంటి కేసరాల లోపల. వాటి కొసన చిన్న రంధ్రం. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఒళ్ళంతా గజగజ అదిలిస్తుంది. జల్లెడ ఆడించినట్టు పుప్పొడి రాలుతుంది. ఎగురుతున్నప్పుడు వచ్చే మోత వేరు, పువ్వును అదిలించేటప్పుడు వచ్చే మోత వేరు. కళ్ళు మూసుకుని కూడా ఆ తేడా పట్టుకోవచ్చు.

పువ్వు తెచ్చాక పేర్చడం. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, అంచున తంగేడుతో మొదలుపెట్టి, కాడలు లోపలికి, పూలు బయటికి వచ్చేలా వరుస మీద వరుస. గునుగును కట్టలు కట్టి, కొసలు సమంగా కత్తిరించి, ఎరుపు, నీలం, ఆకుపచ్చ అద్ది పెట్టాలి. మధ్యలో బంతి, కట్లపూలు, సీతజడ. లోపల ఆకులు, తుంచిన కాడలు నింపకపోతే మూడో వరుసకే కూలిపోతుంది. పైకి పోయిన కొద్దీ చుట్టు తగ్గాలి. ఏ రంగు పక్కన ఏ రంగు వెలుగుతుందో ఎవరూ చెప్పరు, పేరుస్తుంటే కన్నుకే తెలుస్తుంది. పెద్దదానా, ఈసారి మూడు వరుసలు నీవే. చిన్నోడా, ఆడపిల్లల పండగ అని పక్కన కూర్చోకు. మన దగ్గర చెలకల వెంట తిరిగి పువ్వు తెచ్చేది ఎక్కువగా మగపిల్లలే.

బతుకమ్మ చివరి రోజు, అంటే సద్దుల రోజు, పొద్దుగూకే వేళకు పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గరికి పోదాం. ఆడి పాడి, పొద్దంతా పేర్చినదాన్ని నీళ్ళలో వదిలేస్తాం. చిన్నప్పుడు మీ అమ్మ దానికే ఏడ్చేది, ఇంటికి తీసుకుపోదామని. తర్వాత రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద చేతిలో పెడితే ఊరుకునేది.

ఒక సాయంత్రం నిలిచే అందం అది. ఎనిమిది వందల ఏండ్లుగా నిలిచిన అందం కూడా మనకు దగ్గరలోనే ఉంది. పాలంపేటలో రామప్ప గుడి. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213లో, రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. శిఖరానికి నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పునాది కింద ఇసుక నింపారు, భూమి అదిరినా ఆ అదురును అది తగ్గిస్తుందని. ఇవన్నీ గైడ్ చెప్తాడు. నేను చూపించాలనుకున్నవి వేరే. చూరు కింద నల్లరాతి స్త్రీమూర్తులు. ఒకామె ఒంటి మీద పాము, ఇంకొకామె కాలికి ఎత్తు మడమల చెప్పులు. ఆ చెక్కినాయన నిలబడి ఒక మనిషి నడుము ఎటు వంగితే మోకాలు ఎటు తిరుగుతుందో ఎన్ని దినాలు చూసి ఉంటాడో కదా. గుడి చుట్టూ కింద వరుసగా ఏనుగులుంటాయి. మీరిద్దరూ ఒక్కొక్కదాని ముందూ ఆగి చూడండి. ఒకదానిలా ఒకటి అచ్చంగా ఉందో లేదో నాకు చెప్పాలి. తొందర లేదు, టిఫిన్ కట్టుకుని పోదాం.

దసరా సాయంత్రం జమ్మికి పోయేటప్పుడు కరెంటు తీగల మీద పాలపిట్ట కోసం చూద్దాం. కూర్చున్నప్పుడు మామూలు గోధుమరంగు పిట్టలా ఉంటుంది. ఎగిరిందంటే రెక్కల్లో నీలం భగ్గుమంటుంది. నిజానికి ఆ ఈకలో నీలం రంగు పదార్థమే లేదు. ఈక లోపల కంటికి కనబడనంత సన్నని ఖాళీలున్నాయి, వాటి మీద పడిన వెలుగులో నీలమే ఎక్కువగా చెదిరి మన కంటికి వస్తుంది. అట్లాంటి ఈకను దంచి పొడి చేస్తే నీలం మాయమవుతుంది. సి.వి. రామన్ అంతటి శాస్త్రవేత్త 1934లో ఈ పిట్ట ఈకలను పరిశీలించి పరిశోధనా వ్యాసం రాశాడు. అప్పటికి ఆయనకు నోబెల్ వచ్చి నాలుగేండ్లు. అంతటి మనిషి కూడా మన పాలపిట్ట ఈక ముందు ఆగిపోయాడు చూడండి. పిట్టను పంజరంలో పెట్టి చూపించేవాళ్ళ దగ్గరికి మాత్రం మనం పోవద్దు. ఎగరని పాలపిట్టలో చూడటానికి ఏముంటుంది?

వీలైతే ఒక రోజు చేర్యాల కూడా పోదాం. బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఎర్రని నేల మీద కథలు గీసే నకాషీవాళ్ళ పని దగ్గర కూర్చుని చూడొచ్చు. బొమ్మలో కన్ను దిద్దేటప్పుడు మాట్లాడకండి, అంతే.

బడి మూసిన మరునాడే బయల్దేరండి. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాటికి ఇంట్లో ఉండాలి. ఒక్కొక్కరు ఒక నోటుబుక్కు తెచ్చుకోండి, గీతలు లేనిది. రంగు పెన్సిళ్ళు నా దగ్గర ఉన్నాయి. గులాబీ రంగుది అరిగిపోయింది, నిన్ననే చౌరస్తాకు పోయి కొత్తవి రెండు కొన్నాను.

మీ అమ్మమ్మ
హన్మకొండ