అన్నీ వయసు ఖాతాలోనే

డెబ్బై దాటిన మనిషికి మోకాలు నొప్పి పెడితే వయసు. నలుగురిలో మాట సరిగా వినపడకపోతే వయసు. దిగులుగా ఒక మూల కూర్చుంటే అదీ వయసే. ఇంట్లోవాళ్లు అదే అంటారు, ఒక్కోసారి డాక్టర్లూ అదే అంటారు. చివరికి ఆ పెద్దాయన కూడా "ఇంకేముందిలే, వయసైపోయింది" అని సర్దుకుపోతాడు. మా విశాఖలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. ముసలితనం మీద శాస్త్రవేత్తలు ఇన్నేళ్లుగా చేసిన పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఒకటే: మనం వయసు ఖాతాలో రాసేస్తున్నవాటిలో చాలా భాగం వయసు వల్ల వచ్చినవి కావు.

ఈ శాస్త్రానికి జెరంటాలజీ అని 1903లో పేరు పెట్టినవాడు ఎలీ మెచ్నికాఫ్. రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి 1908లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త ఈయనే. ఆయన కంటే చాలా ముందే, 1825లో, బెంజమిన్ గాంపెర్ట్జ్ అనే ఇన్సూరెన్స్ లెక్కల నిపుణుడు వయసుతో పాటు చనిపోయే ప్రమాదం ఒక లెక్క ప్రకారం పెరుగుతుందని చూపించాడు. పెద్దవాళ్లలో అది దాదాపు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపవుతుంది. 1961లో లెనార్డ్ హేఫ్లిక్ మనిషి కణాలను గాజుపాత్రలో పెంచి, అవి సుమారు యాభై సార్లు విభజన చెంది ఆగిపోతాయని తేల్చాడు. కాబట్టి కాలం శరీరాన్ని కరిగిస్తుందన్నది నిజమే, ఎవరూ కాదనరు. చిక్కంతా ఎక్కడంటే జబ్బు, కదలకపోవడం, పట్టించుకోకపోవడం కూడా అదే మనిషిలో, అదే వయసులో కనిపిస్తాయి. చూసేవాళ్లకు అన్నీ ఒకేలా ఉంటాయి.

కండనే తీసుకోండి. "అమ్మా, నువ్వు కూర్చో, నేను తెస్తాలే" అని మనం ప్రేమతోనే అంటాం. మంచినీళ్లు మంచం దగ్గరికే వస్తాయి, కూరగాయల సంచి కొడుకు చేతిలోకి పోతుంది, మేడ మెట్లు ఎక్కొద్దంటారు. 2007లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కొందరిని పది రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లో వాళ్ల కాళ్లలో కండ దాదాపు కిలో తగ్గింది. జబ్బేమీ లేదు, పది రోజుల్లో వయసూ పెరగలేదు. కదలిక ఆగింది, అంతే.

దీనికి రెండోవైపు చూస్తే ఇంకా ఆశ్చర్యం. 1990లో మరియా ఫియాటరోన్ బృందం ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సగటున తొంభై ఏళ్లున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించింది. పూర్తిచేసినవాళ్ల తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. నేను ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. తొంభై ఏళ్ల కండ కూడా పని చెబితే స్పందిస్తుందన్నమాట.

తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసిన ఆ కాసేపట్లో నడిచేవాళ్లలో చాలామంది తల నెరిసినవాళ్లే. గుండెకు అది ఎంతో మేలు. కానీ నడక ఒక్కటే చాలదు. అరవై అయిదు దాటినవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం, మూడు రోజులు నిలకడ పెంచే వ్యాయామం కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద పెట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. పక్కన ఒక మనిషి ఉండాలి. 70 నుంచి 74 ఏళ్ల మధ్య ఆడవాళ్లు పదికి, మగవాళ్లు పన్నెండుకి తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం.

చెవి సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దాన్ని చెవి సంగతి అనే అనుకోరు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలుంటాయి. పోతే మళ్లీ పుట్టవు. ముందుగా పోయేవి కీచు శబ్దాలను పట్టేవి. మన మాటల్లో అచ్చులు బరువైన శబ్దాలు, స, ష, త, ట లాంటి హల్లుల్లో కీచుదనం ఎక్కువ. అందుకే పెద్దాయనకు గొంతు వినిపిస్తూనే ఉంటుంది, మాట తెలియదు. "సీత ఫోన్ చేసింది" అంటే "ఎవరు, గీతా?" అంటారు. మిక్సీ తిరుగుతున్నా, టీవీ మోగుతున్నా అదీ ఉండదు. "ఏటి నాన్నా, ఎన్నిసార్లు చెప్పాలి!" అని మనం గొంతు పెంచుతాం. అరిచినప్పుడు పెరిగేది ముఖ్యంగా అచ్చుల శబ్దమే, ఆయనకు కావలసిన హల్లు అలాగే ఉండిపోతుంది. పైగా కోప్పడుతున్నారనుకుంటారు. నెమ్మదిగా మాట్లాడటం తగ్గించేస్తారు, పెళ్లిళ్లకు రానంటారు. అప్పుడు "నాన్నకి మతిమరుపు మొదలైంది" అంటాం.

వినికిడి లోపానికి, డిమెన్షియాకు, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బుకు, సంబంధం ఉంది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు మనం తగ్గించుకోగల కారణాలు పద్నాలుగు అని చెప్పింది, వాటిలో వినికిడి లోపం ఒకటి. అన్నీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో ఆలస్యం చేయడమో సాధ్యమని వాళ్ల అంచనా. చెవి మిషన్ పెడితే మతిమరుపు రాదని మాత్రం చెప్పలేం. 2023లో వచ్చిన పెద్ద ప్రయోగంలో అందరినీ కలిపి చూస్తే తేడా కనపడలేదు, ముప్పు ఎక్కువున్నవాళ్లలో మాత్రం ఆలోచనాశక్తి క్షీణత మూడేళ్లలో సుమారు సగానికి తగ్గింది. అయినా ఎదురుగా కూర్చుని, టీవీ ఆపి, నిదానంగా మాట్లాడటానికి ఏ ప్రయోగ ఫలితం కోసమూ ఆగక్కర్లేదు.

ఇక మనసు. 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు అవే మనుషుల్ని పరీక్షిస్తూ వచ్చిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, వేగం ముందుగా తగ్గుతుంది కానీ మాటల సంపద, పేరుకున్న అనుభవజ్ఞానం చాలాకాలం నిలుస్తాయి. ఆంధ్రా యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మగారు 1989లో రిటైరయ్యారు. తొంభై దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్లి పాఠాలు చెప్పారు. అందరూ అలా ఉండలేరు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు. కానీ రిటైరైన రోజుతో బుర్ర ఆగదు.

అసలు ఆ రోజును ఎవరు నిర్ణయించారు? మన రాష్ట్రంలోనే 1983లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి దించారు. తర్వాత మళ్లీ 58 చేశారు, 2014లో 60, 2022లో 62. నలభై ఏళ్లలో మన కీళ్లేమీ ఇన్నిసార్లు మారలేదు, జీవోలు మారాయి. అయినా శాలువా కప్పి ఇంటికి పంపిన మర్నాటి నుంచి ఆ మనిషిని చూసే చూపు మారిపోతుంది.

ఆ చూపు ఒంటికి తగులుతుంది. వయసును బట్టి మనిషిని తక్కువ చేయడానికి 1969లో ఏజిజం అని పేరు పెట్టింది రాబర్ట్ బట్లర్ అనే అమెరికా మానసిక వైద్యుడు. 2002లో బెక్కా లెవీ బృందం ఒహాయోలోని ఒక చిన్న ఊళ్లో యాభై దాటిన 660 మంది వివరాలు చూసింది. తమ ముసలితనాన్ని మంచిగా తలచుకున్నవాళ్లు, చెడుగా తలచుకున్నవాళ్ల కంటే సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారు. ఆరోగ్యం, ఒంటరితనం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా పోలేదు. ఆలోచనే ఆయుష్షు పెంచిందని ఒక్క అధ్యయనంతో తేల్చలేం. కానీ "మనకింక ఎందుకులే" అనుకున్న మనిషి మందులు మానేస్తాడు, నడక మానేస్తాడు. ఇది మనందరికీ తెలిసిన సంగతే.

ఈ లెక్కల్లో మన ఊరి మనుషులు ఎంతమంది ఉన్నారన్నది నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న. ముసలితనం మీద 1958లో అమెరికాలో మొదలైన ప్రసిద్ధ బాల్టిమోర్ అధ్యయనంలో మొదట అందరూ మగవాళ్లే, ఆడవాళ్లను చేర్చింది 1978లో. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, గంపతో కాలనీలు తిరిగే జాలరి అమ్మకు రిటైర్మెంటే లేదు. ఒకటో తారీఖున వచ్చే నాలుగు వేల పింఛను ఉన్నా గంప దించదు. ఆమెకు కావలసింది వ్యాయామం కాదు, విశ్రాంతి, కంటి ఆపరేషన్, బీపీ మాత్ర. 2017–18లో మన దేశంలో 45 దాటిన 72,000 మందికి పైగా మనుషులతో లాసీ అనే అధ్యయనం మొదలైంది. పిడికిలి బలం, నడక వేగం, బీపీ అన్నీ కొలిచారు. ఆడవాళ్లు మొదటి విడత నుంచే ఉన్నారు. అవే కుటుంబాలను మళ్లీ మళ్లీ కలవాలన్నది ప్రణాళిక.

ఆ తర్వాతి విడతల ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా చేయగలిగేవి ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ల కోసం 2019లో ఇచ్చిన పద్ధతిలో చెవి పరీక్షకు గుసగుస చాలు. చేయి చాచినంత దూరంలో వెనక పక్కగా నిలబడి, మెల్లగా నాలుగు మాటలు చెప్పి తిరిగి చెప్పించడమే. బస్తీ ఆరోగ్య కేంద్రంలో బీపీ చూసే నర్సమ్మే, ఒక కుర్చీ, ఒక గడియారం ఉంటే, ఈ చెవి పరీక్ష, ముందు చెప్పిన కుర్చీ పరీక్ష రెండూ ఐదు నిమిషాల్లో పూర్తిచేయగలదు.