గొలుసు కట్టిన 30 అడుగుల రోడ్డు: కాలనీల్లోకి బడి బండ్లు వచ్చిన తీరు

ఉదయం ఎనిమిదింబావు. హైదరాబాద్ పడమటి శివార్లలో మా కాలనీ మొదటి వీధి. రెండు ఇనుప స్తంభాల మధ్య ఒక గొలుసు, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాచ్‌మన్. పైన ఫ్లెక్సీ: "ప్రైవేటు రోడ్డు. స్కూలు వాహనాలకు ప్రవేశం లేదు."

"సార్, ఇది కాలనీవాళ్ల రోడ్డండీ, అటు మెయిన్ రోడ్డు మీంచి వెళ్లండి."

"రెండు నిమిషాలే అంకుల్, బాబును దింపేసి వచ్చేస్తా. ఆల్రెడీ లేటైంది."

గొలుసు దిగుతుంది. వెనకాల ఇంకో కారు, దాని వెనక ఆటో, ఆపైన పసుపు బస్సు. అందరికీ రెండు నిమిషాలే కావాలి. తొమ్మిదింటిదాకా అదే పాట. ఎదురింటి పెద్దాయన స్కూటర్ బయటికి తీయాలంటే ఆయన ర్యాంపు మీద ఎవరిదో కారు.

కాగితం మీద ఈ రోడ్డు 30 అడుగులు. రెండు పక్కలా ఇళ్ల ర్యాంపులు నాలుగేసి అడుగులు ముందుకొచ్చాయి. వాటికి ఆనించి అటొకటి ఇటొకటి కార్లు, ఒక్కోటి ఆరడుగులనుకోండి. ఇక మిగిలింది 10 అడుగులు. పెద్ద స్కూలు బస్సు వెడల్పు రెండున్నర మీటర్లు, అంటే 8 అడుగుల పైమాటే. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు రివర్స్ చెయ్యాల్సిందే. ఆ ర్యాంపులూ కార్లూ మనవే అన్న ముక్క మాత్రం కాలనీ సంఘం మీటింగుల్లో ఎవరూ ఎత్తరు.

అసలు బడిని ఇళ్ల మధ్య పెట్టిందే బండ్ల బెడద లేకుండా ఉండటానికి. 1929లో న్యూయార్క్ ప్రాంతీయ ప్రణాళిక కోసం క్లారెన్స్ పెర్రీ అనే అమెరికన్ పట్టణ ప్రణాళికవేత్త ఒక పేట నమూనా గీశారు. మధ్యలో బడి, చుట్టూ ఇళ్లు, పెద్ద రోడ్లన్నీ పేట అంచున. ఏ ఇంటి నుంచైనా పావు మైలు నడిస్తే బడి రావాలి, పిల్లలు పెద్ద రోడ్డు దాటాల్సిన పని ఉండకూడదు. 1950ల్లో కట్టిన చండీగఢ్ సెక్టార్లలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. లోపలి వీధులు సన్నగా ఉండటం అందులో లోపం కాదు, కావాలని చేసిందే. ఆ బడి ఆ పేట పిల్లలకే అన్న షరతు మీద మొత్తం లెక్క నిలబడింది.

మన దగ్గర ఆ షరతు నిలబడలేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అయిదో తరగతి వరకు కిలోమీటరు లోపు, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండేలా చూడాలని కేంద్రం నిబంధనలు పెట్టింది. అది ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యత. ఫలానా ప్రైవేటు బడిలో చుట్టుపక్కల పిల్లలే చేరాలని అందులో ఎక్కడా లేదు. పేరున్న బడి అయితే పదిహేను కిలోమీటర్ల నుంచీ వస్తారు. మా పక్క బడి మొదట ఒక అద్దె ఇంట్లో నర్సరీగా మొదలైంది. పక్క ప్లాటు కొన్నారు, అంతస్తులు వేశారు, పదో తరగతి దాకా వచ్చింది. బడి పెరిగింది గానీ రోడ్డు పెరగలేదు.

ఇక "ప్రైవేటు రోడ్డు" సంగతి. ఫ్లెక్సీ రాయించినంత తేలిక కాదిది. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో ప్రైవేటు వీధి అన్న మాట నిజంగానే ఉంది. బల్దియా చదును చేసి, రాళ్లు పరిచి, డ్రైనేజీ వేసి తన చేతుల్లోకి తీసుకుంటే అది పబ్లిక్ వీధి అవుతుంది. లేఅవుట్లకు అనుమతులిచ్చే నగరాభివృద్ధి సంస్థగా 1975లో హుడా, 2008లో దాని స్థానంలో హెచ్ఎండీఏ వచ్చాయి. అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లనూ, పార్కు కోసం వదిలే స్థలాన్నీ ఉచితంగా ఇచ్చేస్తున్నట్టు స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. ఇచ్చాక వాటి మీద ప్లాటు కొన్నవాళ్లకున్న హక్కు నడిచేవాళ్లందరికున్న హక్కే.

చిక్కంతా శివార్లలో వచ్చింది. 2007లో జీహెచ్ఎంసీ ఏర్పడి 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు అందులో కలిసేదాకా ఇక్కడ పంచాయతీ లేఅవుట్లదే రాజ్యం. కొన్ని చోట్ల గిఫ్ట్ డీడ్ ఉంది, కొన్ని చోట్ల సర్పంచ్ సంతకమే ఉంది, ఇంకొన్ని చోట్ల ఏదీ లేదు. 2015లో, మళ్లీ 2020లో అనుమతి లేని లేఅవుట్లకు క్రమబద్ధీకరణ పథకాలు పెట్టాల్సి రావడం ఈ గజిబిజి వల్లే. మధ్యలో కాలనీవాళ్లు చందాలేసుకుని సిమెంటు రోడ్డు వేసుకున్నారు, లైట్లు పెట్టుకున్నారు, వాచ్‌మన్‌కు జీతమిస్తున్నారు. జేబులోంచి డబ్బు పోయింది కాబట్టి రోడ్డు మాదే అనుకోవడం సహజం. డబ్బు పెట్టినంత మాత్రాన హక్కు రాదన్నది వినడానికి ఎవరికీ ఇష్టం ఉండదు, నాకూ లేదు.

నిజమైన గేటెడ్ కమ్యూనిటీల లెక్క కొంత వేరు. 2012లో వచ్చిన జీవో 168 భవన నిబంధనలు గోడ కట్టుకోవడానికి ఒప్పుకుంటూనే, లోపలి భూములకు దారి మూసుకుపోకుండా పెద్ద ప్రాజెక్టులు ఒక పక్క 9 మీటర్ల రోడ్డు జనం కోసం వదలాలన్నాయి. 2024 జులైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక, లేఅవుట్ రోడ్లకు అడ్డంగా కట్టిన గోడలు, గేట్లు చాలా చోట్ల కూలాయి. అప్పటి నుంచే మా సంఘం మీటింగుల్లో "గేటు" అన్న మాట పోయి "గొలుసు" అన్న మాట వచ్చింది.

నన్నడిగితే కాలనీవాళ్ల బాధ అబద్ధం కాదు, ఎంచుకున్న వాదనే తప్పు. ఈ రోడ్డు ఎవరిదని కాకుండా, ఈ రోడ్డు ఇంత బరువు మొయ్యగలదా అని అడగాలి. అంత పెద్ద బడికి ఇంత సన్నటి రోడ్డు మీద అనుమతి ఎలా వచ్చింది? బస్సులు బడి ఆవరణలోకే వెళ్లి పిల్లలను ఎందుకు దింపవు? చిన్న క్లాసులకూ పెద్ద క్లాసులకూ అరగంట తేడా పెడితే ఏం పోతుంది? ఇటలీలోని బోల్జానో ఊళ్లో 1989లోనే బడి ముందు వీధిని పిల్లలు వచ్చే, వెళ్లే వేళల్లో కాసేపు మూసేయడం మొదలుపెట్టారు. అక్కడ మూసింది నగరపాలక సంస్థ, కాలనీ సంఘం కాదు.

మొన్న సంఘం బీరువా సర్దుతుంటే ఒక పాత దస్తావేజు నకలు బయటపడింది. స్టాంపు కాగితం పసుపెక్కి అంచులు చిరిగాయి. పార్కు, అన్ని అంతర్గత రోడ్లు గ్రామ పంచాయతీకి ఉచితంగా ఇచ్చినట్టు లేఅవుట్ యజమాని సంతకం అందులో శుభ్రంగా ఉంది. సెక్రటరీ గారు రెండుసార్లు చదివి, మడిచి, మళ్లీ బీరువాలోనే పెట్టారు. మర్నాడు ఎనిమిదింటికి వాచ్‌మన్ ఎప్పటిలాగే గొలుసు కట్టాడు.