బండి బీమా: డ్యాష్‌బోర్డు నుంచి ఫోను దాకా

ఇచ్ఛాపురం నుంచి పైడిభీమవరం దాకా హైవే మీద ఎక్కడ చెకింగ్ పెట్టినా ఈ వాదన వినపడుతుంది. కారాయన ఫోనులో బీమా కాగితం చూపిస్తాడు. ఆపినాయన "ఒరిజినల్ ఏదండీ?" అంటాడు.

థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలన్నది 1939 నాటి మోటారు వాహనాల చట్టం. ఆ భాగం అమల్లోకి వచ్చింది మాత్రం 1946 జులై 1న. ఇప్పటి 1988 చట్టంలో అది 146వ సెక్షన్. బండి గుద్దితే దెబ్బ తిన్నవాళ్లకు పరిహారం దక్కాలనే ఇదంతా. కాగితం దానికి సాక్ష్యం మాత్రమే. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వది చదివితే ఆ సంగతి తెలుస్తుంది: అడిగినప్పుడు కాగితాలు చేతిలో లేకపోతే, అటెస్ట్ చేయించిన నకలు 15 రోజుల్లో స్వయంగా తెచ్చి చూపొచ్చు, రిజిస్టర్డ్ పోస్టులో అయినా పంపొచ్చు. ఈ వెసులుబాటు ఎంతమందికి తెలుసు గనక! సి-బుక్కు, బీమా జిరాక్సు కలిపి పాలిథిన్ కవరులో చుట్టి డ్యాష్‌బోర్డులో తోసేయడమే అలవాటైంది. రెండు వానాకాలాలు దాటేసరికి మడతల దగ్గర పాలసీ నంబరు చెరిగిపోయేది.

ఎలక్ట్రానిక్ రికార్డులకు 2000లోనే ఐటీ చట్టం గుర్తింపు ఇచ్చింది, 2015లో పత్రాలు ఆన్‌లైన్‌లో దాచుకునే ప్రభుత్వ డిజీలాకర్ వచ్చింది. రోడ్డు మీద మాట మారింది మాత్రం 2018లో. డిజీలాకర్‌లో, రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో ఉన్న పత్రాలు ఒరిజినల్‌తో సమానమని ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. నవంబరులో 139వ నిబంధననే సవరించి, ఎలక్ట్రానిక్ రూపంలో చూపినా చెల్లుతుందన్నారు. ఆ రెండింటి నడుమ, అక్టోబరులో, తిత్లీ తుపాను వచ్చింది. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. మనవైపు వాళ్లు ఫోనునే నమ్ముకోవడానికి వెనకాడితే తప్పు పట్టలేను. ఒక ప్రింటు కారులో ఉంటే నష్టమేముంది?

2020 అక్టోబరు 1 నుంచి, ప్రభుత్వ పోర్టల్‌లో వివరాలు సరిపోయాక కాగితం అడగకూడదు. పాలసీల సమాచారం వాహన్ అనే ప్రభుత్వ బండ్ల రికార్డులోకి చేరుతుంది కాబట్టి బండి నంబరు కొడితే గడువు తేదీ అధికారికే కనిపిస్తుంది. చిక్కల్లా అక్కడే. పాలసీలో బండి నంబరో ఛాసిస్ నంబరో ఒక్క అంకె తప్పు పడితే, ప్రీమియం కట్టినా బీమా లేనట్టే చూపించొచ్చు. నిజంగానే లేకపోతే 2019 సెప్టెంబరు నుంచి మొదటిసారి జరిమానా రూ.2000, రెండోసారి రూ.4000, జైలు మాట కూడా సెక్షన్‌లో ఉంది. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి సరేననుకోకుండా, సి-బుక్కు పక్కన పెట్టుకుని అంకెలు సరిచూడాలి. తేడా ఉంటే కంపెనీ చేత ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో సవరణ, వేయించుకోవాలి.