సర్టిఫికెట్ సెమినార్ల తర్వాత: మహిళా కెమిస్ట్రీ స్కాలర్ల సొంత సింపోజియం వెనక కథ

పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేముందు ఒక జర్నల్ పేపర్, రెండు సదస్సుల్లో ప్రజెంటేషన్ ఉండాలని యూజీసీ 2016లో నిబంధన పెట్టింది. 2022 నిబంధనల్లో అది పోయింది. ఆ మధ్యకాలంలో సెమినార్లకు కొదవ లేదు. పొద్దున జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. సాయంత్రం అందరికీ సర్టిఫికెట్లు. స్కాలర్‌కు దక్కేది ఐదు నిమిషాలు, ప్రశ్నలకు టైం ఉండదు. సర్టిఫికెట్ అవసరం తీరాక, చేసిన పని గురించి నిజంగా మాట్లాడుకునే చోటు లేదన్న సంగతి బయటపడింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల మహిళా కెమిస్ట్రీ స్కాలర్లు సొంతంగా ఒక సింపోజియం (పరిశోధన సదస్సు) నడుపుకోవాలన్న ఆలోచన ఈ లోటులోంచి వచ్చిందే. మహిళల విషయంలో దీనికి ఇంకాస్త పాత చరిత్ర ఉంది.

1933లో, తర్వాత బయోకెమిస్ట్‌గా పేరు తెచ్చుకున్న కమలా సోహోనీకి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సీటు ఇవ్వడానికి దాని డైరెక్టర్ సి.వి.రామన్ మొదట ఒప్పుకోలేదు. ఆమె పట్టుబట్టాక, ఏడాది పాటు ప్రొబేషన్ మీద చేర్చుకున్నారు. 1944లో కెమిస్ట్ అసీమా ఛటర్జీ కలకత్తాలో డి.ఎస్సీ. (సైన్స్ డాక్టరేట్) అందుకున్నారు, 1961లో రసాయనశాస్త్రంలో జాతీయ సైన్స్ పురస్కారమైన భట్నాగర్ బహుమతి గెలిచారు. అదే విభాగంలో మరో మహిళకు, చారుసీతా చక్రవర్తికి, ఆ బహుమతి వచ్చింది 2009లో. మధ్యలో 48 ఏళ్లు! ఇప్పుడు అమ్మాయిలు చేరడం లేదని ఎవరూ అనలేరు. 2021-22 ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశంలో సైన్స్ విద్యార్థులు 57.2 లక్షలైతే అందులో 29.8 లక్షల మంది అమ్మాయిలే. చిక్కంతా ఎమ్మెస్సీ దాటాకే.

దానికి ప్రభుత్వం వెతికిన మందు డబ్బు, గడువు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ) 2002-03లో విమెన్ సైంటిస్ట్ స్కీమ్ తెచ్చింది. యూజీసీ 2016లో పీహెచ్‌డీ కాలంలో ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, థీసిస్‌కు రెండేళ్ల అదనపు గడువు ఇచ్చింది. రెండూ మంచివే. కానీ సదస్సుకు ఎవరిని పిలవాలో సీనియర్ల కమిటీయే తేలుస్తుంది, తనకు తెలిసినవాళ్లనే పిలుస్తుంది. ఎవరిని పిలవాలన్న ఆ పట్టికను స్కాలర్ల చేతికిస్తే పేర్లు మారతాయన్నదే విద్యార్థుల సింపోజియం వెనకున్న ఆలోచన. అమెరికన్ కెమికల్ సొసైటీ జాతీయ సమావేశాల్లో పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులే మొత్తం నడిపే సెషన్లు ఉంటాయి.

మన దగ్గర దూరం కూడా తోడైంది. నెల్లూరుకు విక్రమ సింహపురి యూనివర్సిటీ వచ్చింది 2008లో, ఒంగోలుకు ఆంధ్రకేసరి యూనివర్సిటీ 2022లో. అంతకుముందు నెల్లూరు వాళ్లు తిరుపతి వైపు, ఒంగోలు వాళ్లు నాగార్జున యూనివర్సిటీ వైపు చూసేవాళ్లు. రసాయన చర్యలను వేగంగా జరిపించే ఉత్ప్రేరకాల మీద పరిశోధనకు (కెటాలిసిస్) కావాల్సిన పెద్ద పరికరాల కోసం ఇప్పటికీ చెన్నై, హైదరాబాద్‌లే దిక్కు. ఐఐటీ మద్రాసులో నేషనల్ సెంటర్ ఫర్ కెటాలిసిస్ రీసెర్చ్ 2006 నుంచి ఉంది.

ఈ దూరం ఏం చేస్తుందో గుల్ల సున్నంతో చూడొచ్చు. తీరంలో దొరికే గుల్లలను కడిగి, పొడి చేసి, 900 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు కాలిస్తే కాల్షియం ఆక్సైడ్ వస్తుంది. వాడిన వంటనూనెను మిథనాల్‌తో బయోడీజిల్‌గా మార్చడానికి ఇది చవకైన ఉత్ప్రేరకం. 10 గ్రాముల పొడికి 5.6 గ్రాముల దగ్గర మిగలాలి. 7 గ్రాములుంటే సరిగా కాలలేదు. నూనె ఆమ్ల విలువ (అందులో ఎంత ఆమ్లం ఉందో చెప్పే అంకె) 2 దాటితే సబ్బు కట్టి బయోడీజిల్, గ్లిజరిన్ పొరలు విడివడవు. మన తీరపు తేమలో పొడిని తెరిచి ఉంచితే హైడ్రాక్సైడ్, కార్బొనేట్ అయిపోతుంది. మామూలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి చెన్నైకి కొరియర్ చేస్తే ఎక్స్‌ఆర్‌డీలో (పొడిలో ఏ పదార్థం ఉందో ఎక్స్-కిరణాలతో చెప్పే పరీక్ష) 37.4 డిగ్రీల కోణం దగ్గర ఉండాల్సిన ఆక్సైడ్ పీక్ తగ్గి, 18, 34 డిగ్రీల దగ్గర హైడ్రాక్సైడ్‌వి కొత్తగా లేస్తాయి. చెడింది ప్రయాణంలో, నింద పడేది తయారీ మీద. ఇలాంటి సంగతి పేపర్లో రాయరు, ఎవరో ఒకరు ప్రశ్న అడిగితేనే బయటికొస్తుంది.

అందుకే ప్రశ్నల టైం గట్టిగా కాపాడాలి: 12 నిమిషాల ప్రసంగం, 3 నిమిషాల ప్రశ్నలు, మొదటి ప్రశ్న విద్యార్థినిది. మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగిన చోట ఆడవాళ్ల ప్రశ్నలు తగ్గుతాయని పలు దేశాల సెమినార్లపై 2018లో వచ్చిన అధ్యయనం చూపింది. 250 పదాల అబ్‌స్ట్రాక్టులను (పరిశోధన సారాంశాలను) పేరు, కాలేజీ తీసేసి ఇద్దరు పరిశీలకులకు చూపించాలి. సెషన్ ఛైర్లుగా మహిళా స్కాలర్లను కూర్చోబెట్టాలి. 'మహిళా సాధికారత' ప్రసంగం ఒకటి పెట్టించి చేతులు దులుపుకుంటే ఎవరికీ లాభం లేదు.

బెడిసికొట్టేది ఎక్కువగా చిల్లర విషయాల్లోనే. విద్యార్థుల పేరిట బ్యాంకు ఖాతా ఉండదు, అడ్వాన్సు కన్వీనర్ పేరు మీద తీయాలి, ప్రతి బిల్లూ దాచాలి. టీఏ (ప్రయాణ ఖర్చు) తర్వాత ఇస్తామంటే కావలి, ఒంగోలు నుంచి వచ్చే స్కాలర్ సొంత డబ్బు పెట్టుకోవాలి, చాలామంది అక్కడే ఆగిపోతారు. టికెట్లు ముందే కొనివ్వడం మేలు. పోస్టర్ కొలత 84 బై 119 సెంటీమీటర్లని రాస్తే ఫ్లెక్స్ షాపు 3 బై 4 అడుగులు వేస్తుంది. స్టాండు దానికి సరిపోతుందో లేదో ముందురోజే చూసుకోవాలి. హాస్టల్ గేటు, రైలు టైం చూసి మూడున్నరకల్లా ముగించాలి. ఆలస్యమయ్యేలా ఉంటే ముగింపు సభలో శాలువాలు తగ్గించాలి, పోస్టర్ సెషన్‌ను కాదు.