సెంటర్ డీల్ ఎవరిది? కొన్ని అపోహలు, వాస్తవాలు

పేకముక్కలతో మ్యాజిక్ చేస్తానని తెలిస్తే చాలు, సెంటర్ డీల్ వచ్చా అని అడుగుతారు. పైముక్క పంచుతున్నట్టే కనిపిస్తూ కట్ట మధ్యలోంచి ముక్క తీసి పంచడం అన్నమాట. దీని పుట్టుక గురించి మనవాళ్ళు చెప్పుకునేవాటిలో చాలా తప్పులున్నాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: ఎవరో పెద్ద మెజీషియన్ స్టేజ్ కోసం కనిపెట్టాడు.

కాదండీ, ఇది జూదం బల్ల దగ్గర పుట్టిన విద్య. మోసం చేసేవాడు ముక్కలు కలిపేటప్పుడే తనకి కావాల్సినవి అడుక్కి చేర్చుకుని అక్కణ్ణుంచి పంచుకుంటాడు, అది బాటమ్ డీల్. కానీ పంచేముందు పక్కవాడు కట్ చేస్తాడు కదా, మన ఇళ్ళల్లో రమ్మీ ఆడినా అంతే, ఆ ఒక్క కట్‌తో అడుగున ఉన్నవి కాస్తా మధ్యలోకి పోతాయి, వాడు పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. అప్పుడు ఎవరికీ కనపడకుండా కట్టని మళ్ళీ పాత వరసలోకి తెచ్చుకోవాలి, దాన్ని షిఫ్ట్ అంటాం. లేదంటే కట్‌ని అలాగే వదిలేసి ఆ మధ్యలోంచే పంచాలి, అదే సెంటర్ డీల్. 1902లో ఎర్డ్‌నేస్ పేరుతో వచ్చిన పేకముక్కల చేతివాటం పుస్తకం మా మెజీషియన్లకి పెద్దబాలశిక్ష లాంటిది, అందులో బాటమ్ డీల్, సెకండ్ డీల్ (పైముక్క బదులు దాని కింది ముక్క పంచడం), షిఫ్టులు అన్నీ ఉన్నాయి గానీ సెంటర్ డీల్ లేదు.

అపోహ: డాయ్ వెర్నన్ కనిపెట్టాడు.

పేకముక్కల మ్యాజిక్ లో పేరుమోసిన మెజీషియన్ వెర్నన్. ఆయన దీన్ని కనిపెట్టలేదు, కనిపెట్టినవాణ్ణి వెతికి పట్టుకున్నాడు. 1932లో ఆయన కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో ఉన్నాడు, నల్లకాగితంతో మనుషుల నీడబొమ్మలు కత్తిరించి బతుకుతున్న రోజులవి. అక్కడి జైల్లో ఉన్న అమడోర్ విల్లాసెన్యోర్ అనే మెక్సికన్ జూదగాడు మాటల్లో, కాన్సస్ సిటీ వైపు ఒకడు కట్ట మధ్యలోంచి పంచుతుంటే కళ్ళారా చూశానన్నాడు. అప్పటిదాకా అది మెజీషియన్లకి పుకారే, చేతులతో అయ్యే పని కాదనుకునేవాళ్ళు. వెర్నన్ వదల్లేదు, అడుగుతూ అడుగుతూ వెళ్ళి చివరికి మిస్సోరీలో ప్లెజెంట్ హిల్ అనే చిన్న ఊళ్ళో అలెన్ కెనడీని పట్టుకున్నాడు. కాన్సస్ సిటీలో ఉండే మన తెలుగువాళ్ళకి ఆ ఊరు దగ్గరే, ఎప్పుడైనా అటు వెళ్తే ఈ కథ గుర్తుచేసుకోండి. కెనడీ ఏ స్టేజీ ఎక్కలేదు, తనంతట తాను ఏళ్ళ తరబడి సాధన చేసిన జూదగాడు. వెర్నన్ పేరు చెప్పినచోట కెనడీ పేరు కూడా చెప్పకపోతే నాకు నిజంగా బాధేస్తుంది, పని ఆయనది.

అపోహ: చెయ్యి మెరుపులా కదలాలి.

దీనికి వేగం శత్రువు. మామూలుగా పైముక్క పంచేటప్పుడు చెయ్యి ఎలా కదుల్తుందో మధ్యముక్కకీ అచ్చం అలాగే కదలాలి, చప్పుడు కూడా మారకూడదు, ఎడమచేతి వేళ్ళు బిగుసుకున్నాయంటే చూసేవాడికి వెంటనే తేడా తెలిసిపోతుంది. అద్దం ముందు గంటలు గంటలు చేస్తే గానీ ఒక ముక్క శుభ్రంగా రాదు.

అపోహ: ఇది రాకపోతే మెజీషియన్ కాదు.

అస్సలు అవసరం లేదు. ఇది లేకుండానే జీవితాంతం అద్భుతంగా చేసేవాళ్ళున్నారు. కొత్తవాళ్ళు ముందు బాటమ్ డీల్ మీద కూర్చోండి.

అన్నట్టు నేను దీన్ని ముందే చెప్పి, డెమోగా మాత్రమే చూపిస్తా. పండక్కి ఇంట్లో రమ్మీ మొదలైతే పంచడం నా వంతు వచ్చినప్పుడు కట్ట పక్కవాళ్ళ చేతికి ఇచ్చేస్తున్నా, ఇది సాధన మొదలుపెట్టినప్పట్నుంచీ అంతే.