రూట్‌ను కూడా కాదనే నిబంధన: నెట్‌వర్క్ సర్వీసులపై ఎస్‌ఈలినక్స్ కట్టడి ఎలా వచ్చింది

రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన లినక్స్ సర్వర్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను ముందు నిలిపి, దాని వెనుక 3000 పోర్టులో ఒక అప్లికేషన్‌ను నడిపించబోయిన అడ్మిన్లలో చాలామందికి, వెనుకనున్న అప్లికేషన్‌ను అందుకోలేకపోయానని చెప్పే 502 ఎర్రర్ ఎదురవుతుంది. ఫైర్‌వాల్ అడ్డు రాదు, ఫైల్ పర్మిషన్లలో లోపం కనిపించదు, అదే యంత్రంలో కర్ల్ అనే కమాండ్‌తో అడిగితే అప్లికేషన్ వెంటనే జవాబిస్తుంది. అయినా ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో మాత్రం పర్మిషన్ డినైడ్ అనే మాట, దాని పక్కన 13 అనే అంకె ఉంటాయి. ఆడిట్ లాగ్ తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది. హెచ్‌టీటీపీడీ_టీ అనే డొమైన్‌లో, అంటే వెబ్ సర్వర్లకు తగిలించే లేబుల్ కింద ఉన్న ప్రాసెస్ ఎన్‌టాప్_పోర్ట్_టీ అనే లేబుల్ ఉన్న పోర్టుకు కనెక్ట్ కాబోతే, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ తనలోని ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా యంత్రాంగం మేరకు నిరాకరించింది. ఈ దశలో తరచుగా దొరికే సలహా, ఎస్‌ఈలినక్స్ అమలును నిలిపివేసే సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కమాండ్ కొట్టమనే. దానితో సైటు తెరుచుకుంటుంది, కానీ ఆ యంత్రంలోని ప్రతి సర్వీసు మీదా ఉన్న కట్టడి ఒక్క దెబ్బతో పోతుంది. ఈ నిరాకరణను ఎవరు, ఎందుకు రాసి పెట్టారో తెలియకపోవడం వల్లనే ఆ సలహా ఇన్నేళ్లుగా చెలామణీ అవుతోంది.

యూనిక్స్ సంప్రదాయంలో ఒక ఫైలును ఎవరు చదవాలో, ఎవరు రాయాలో నిర్ణయించే అధికారం ఆ ఫైలు యజమానిది. సర్వాధికారాలూ ఉన్న రూట్ యూజర్‌కు ఏ నిర్ణయమూ వర్తించదు. ఒకే యంత్రాన్ని పంచుకునే విద్యార్థులకు, పరిశోధకులకు సరిపోయిన ఈ ఏర్పాటు నెట్‌వర్క్ సర్వీసుల దగ్గరకు వచ్చేసరికి బెడిసికొట్టింది. 1024 కంటే తక్కువ అంకె ఉన్న పోర్టును తెరవాలంటే రూట్ అధికారం కావాలి కాబట్టి, ప్రపంచంలో ఎవరు పంపిన సమాచారాన్నైనా చదవక తప్పని డీమన్లే, అంటే వెనుక నిరంతరం నడిచే సర్వీసు ప్రోగ్రామ్‌లే అత్యధిక అధికారంతో మొదలయ్యేవి. 1988 నవంబరు 2న విడుదలైన, తనంతట తానే వ్యాపించే మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్, ఫింగర్‌డీ అనే చిన్న డీమన్‌లోని 512 బైట్ల బఫర్‌ను పొంగించి యంత్రాల్లోకి చొరబడినప్పుడే ఈ బలహీనత అందరికీ తెలిసింది.

ఆ తరువాత వచ్చిన విరుగుడులు రెండు. మొదటిది, పోర్టు తెరిచిన వెంటనే డీమన్ రూట్ అధికారం వదులుకొని మామూలు యూజర్‌గా మారిపోవడం. రెండోది, క్రూట్‌తో దాన్ని ఒక డైరెక్టరీలోనే బంధించడం. సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్ బైండ్‌లో ఈ రెండు వసతులూ ఉండేవి, అయితే వాటిని వాడాలా వద్దా అన్నది అడ్మిన్ ఇష్టం. 2001 మార్చిలో వ్యాపించిన లయన్ వర్మ్, బైండ్ 8లో టీసిగ్ అనే సంతకాన్ని సరిచూసే కోడ్‌లోని లోపాన్ని పట్టుకొని లినక్స్ సర్వర్లలోకి ప్రవేశించి, పాస్‌వర్డ్, షాడో ఫైళ్లను బయటికి మెయిల్ చేసి, తన ఉనికిని దాచే రూట్‌కిట్‌ను అమర్చింది. డీమన్ రూట్‌గానే నడుస్తున్న చోట దానికి ఎదురన్నది లేదు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో వచ్చిన స్లాపర్ వర్మ్ ఇంకా ముఖ్యమైన విషయాన్ని చూపింది. అపాచీ వెబ్ సర్వర్‌తో కలిసి పనిచేసే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని లోపం ద్వారా ప్రవేశించిన ఈ వర్మ్‌కు దక్కింది అపాచీ యూజర్ అధికారం మాత్రమే, రూట్ కాదు. అయినా అది టెంప్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే పేరుతో తన సోర్స్ కోడ్‌ను దించుకొని, అక్కడే ఉన్న జీసీసీ కంపైలర్‌తో కంపైల్ చేసుకొని, 2002 అంకె గల యూడీపీ పోర్టును తెరిచి, తోటి వర్మ్‌లతో మాట్లాడుతూ ఇతరులపై దాడులకు సిద్ధంగా కూర్చుంది. ఇందులో ఏ ఒక్క అడుగుకూ రూట్ అవసరం రాలేదు. వెబ్ పేజీలు అందించవలసిన ప్రోగ్రామ్‌కు కంపైలర్‌తో ఏం పని, యూడీపీ పోర్టుతో ఏం పని అని అడిగే యంత్రాంగం యూనిక్స్ పర్మిషన్లలో లేదు. యూజర్ ఎవరన్నదే అవి చూస్తాయి, ఆ యూజర్ పేరుతో నడుస్తున్న ప్రోగ్రామ్ ఏమిటన్నది చూడవు.

ఆ ప్రశ్న అడిగే ఆలోచన అప్పటికే పాతది, అయితే అది పుట్టింది వేరే అవసరం కోసం. అమెరికా వైమానిక దళం కోసం తయారైన 1972 నాటి ఆండర్సన్ నివేదిక, ప్రతి యాక్సెస్‌నూ తప్పించుకోలేని ఒకే తనిఖీ కేంద్రం గుండా పంపాలని చెప్పింది. 1973లో మైటర్ సంస్థలో రూపుదిద్దుకున్న బెల్–లాపడులా నమూనా, రహస్య స్థాయిని బట్టి ఎవరు ఏది చదవవచ్చో గణితంలో నిర్వచించింది. 1983లో అమెరికా రక్షణ శాఖ వెలువరించిన, అట్ట రంగు వల్ల ఆరెంజ్ బుక్‌గా పేరుపడిన ప్రమాణ గ్రంథం, యజమాని ఇష్టంతో నిమిత్తం లేకుండా వ్యవస్థే అమలు చేసే ఈ పద్ధతిని తప్పనిసరి యాక్సెస్ నియంత్రణగా స్థిరపరిచింది. కానీ రహస్యాల నిచ్చెనతో వెబ్ సర్వర్‌కు ఒరిగేదేమీ లేదు. అది అందించే పేజీలు రహస్యాలు కావు, అది తన పని దాటి పోకుండా చూడటమే కావలసింది. ఆ అవసరానికి సరిపోయే మార్గాన్ని బోబర్ట్, కెయిన్ అనే పరిశోధకులు 1985లో ప్రతిపాదించారు. ప్రోగ్రామ్‌లకు డొమైన్ అనీ, ఫైళ్లకు టైప్ అనీ లేబుళ్లు తగిలించి, ఏ డొమైన్ ఏ టైప్‌తో ఏం చేయవచ్చో పట్టికలో రాసి, పట్టికలో లేనిదంతా నిషిద్ధమనడం అందులోని సారం.

1990లలో అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ, సెక్యూర్ కంప్యూటింగ్ కార్పొరేషన్, యూటా విశ్వవిద్యాలయం కలిసి దీన్ని పరిశోధక ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ప్రయోగించాయి. వాటి చివరి రూపమైన ఫ్లాస్క్‌లో నిర్ణయించే భాగం వేరు, అమలు చేసే భాగం వేరు. ప్రతిసారీ నిర్ణయం అడగడం ఖరీదు కాబట్టి పాత జవాబులను యాక్సెస్ వెక్టర్ క్యాష్‌లో దాచేవారు. నేటికీ ఆడిట్ లాగ్‌లో నిరాకరణ పంక్తులు ఏవీసీ అనే అక్షరాలతో కనిపించడం ఆ క్యాష్ గుర్తే. 2000 డిసెంబరులో ఎన్‌ఎస్‌ఏ ఇదే నిర్మాణాన్ని లినక్స్‌కు అతికించి, సోర్స్ కోడ్‌తో సహా ఎస్‌ఈలినక్స్ పేరిట బయటపెట్టింది. గూఢచర్య సంస్థ ఇచ్చిన కోడ్ కదా అన్న అనుమానం ఆనాడే ఉంది, ఈనాడూ అప్పుడప్పుడూ వినిపిస్తుంది. రెండు దశాబ్దాలకు పైగా అందరి కళ్లముందూ ఉన్న కోడ్ అది. దాన్ని వద్దనడానికి ఇంతకంటే మంచి కారణాలు వెతుక్కోవచ్చు.

2001 మార్చిలో కెర్నెల్ డెవలపర్ల సమావేశంలో దీన్ని వివరించినప్పుడు లినస్ టోర్వాల్డ్స్ ఒకే పద్ధతికి ముద్ర వేయడానికి ఇష్టపడక, ఎవరి భద్రతా మాడ్యూల్ వారు తగిలించుకునేలా ఉమ్మడి చట్రం కావాలన్నారు. అలా లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్ వచ్చింది, దానిపై అమరిన ఎస్‌ఈలినక్స్ 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌లో భాగమైంది.

కెర్నెల్‌లో చేరడం ఒక ఎత్తు, ఏ డొమైన్ ఏం చేయవచ్చో చెప్పే పాలసీ రాయడం ఇంకొక ఎత్తు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో నిర్ణాయకమైన ఘట్టం 2004లో రెడ్ హ్యాట్ అండతో నడిచే లినక్స్ పంపిణీ ఫెడోరా ప్రాజెక్టు చేసుకున్న రాజీ. ఫెడోరా కోర్ 2 పరీక్షా విడుదలల్లో స్ట్రిక్ట్ పాలసీని పెట్టారు. అంటే యూజర్ డెస్క్‌టాప్ నుంచి ప్రింటర్ దాకా ప్రతి ప్రోగ్రామ్‌కూ ముందుగా రాసిన అనుమతి ఉండాలి. మనుషులు తమ యంత్రాలను ఎన్ని రకాలుగా వాడతారో పాలసీ రాసినవారు ఊహించలేకపోయారు, ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చివరికి మే నెలలో ఆ విడుదల ఎస్‌ఈలినక్స్‌ను ఆపివేసిన స్థితిలోనే వచ్చింది. నవంబరులో ఫెడోరా కోర్ 3 టార్గెటెడ్ పాలసీతో వచ్చింది. హెచ్‌టీటీపీడీ, బైండ్, డీహెచ్‌సీపీ, స్క్విడ్, ఎన్‌టీపీ, మైఎస్‌క్యూఎల్ వంటి సుమారు డజను డీమన్లను మాత్రమే కట్టడిలో ఉంచి, లాగిన్ అయిన మనిషితో సహా తక్కిన సమస్తాన్నీ అన్‌కన్‌ఫైన్డ్ అనే స్వేచ్ఛా డొమైన్‌లో వదిలేశారు. 2005 ఫిబ్రవరిలో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 4 ఇదే పద్ధతిని అనుసరించింది.

సిద్ధాంతపరంగా ఇది వెనుకడుగే. వ్యవస్థ మొత్తానికి హామీ ఇవ్వవలసిన యంత్రాంగం కొన్ని ప్రోగ్రామ్‌ల కావలికి కుదించుకుపోయింది. కానీ దాడులు వస్తున్నది ఆ తలుపుల గుండానే కాబట్టి, ఆచరణలో నిలిచింది ఈ కుదింపే. అడ్మిన్ కమాండ్లు కొట్టే షెల్‌లో కర్ల్ పనిచేసి, ఎన్‌జిన్‌ఎక్స్ నుంచి అదే కనెక్షన్ విఫలం కావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. షెల్ స్వేచ్ఛా డొమైన్‌లోది, ఎన్‌జిన్‌ఎక్స్ కాదు.

దీనితో కొత్త చిక్కు పుట్టింది. పాలసీని రాసేది లినక్స్ పంపిణీదారు, సర్వీసును నడిపేది మరొకరు, ఆ ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోరు. ఆ తరువాతి సంవత్సరాల పని చాలావరకు ఈ దూరాన్ని తగ్గించడానికి జరిగిందే. తొలి రోజుల్లో ఒక్క నిబంధన కలపాలన్నా పాలసీ సోర్స్ ప్యాకేజీని దించుకొని మొత్తం తిరిగి కంపైల్ చేయవలసి వచ్చేది. పాలసీని మాడ్యూళ్లుగా విడగొట్టాక, స్థానిక నిబంధనను విడిగా ఎక్కించడం సాధ్యమైంది. తరచూ మారే ఇష్టాయిష్టాలకు బూలియన్ అనే స్విచ్చులు ఏర్పడ్డాయి. పైన చెప్పిన ఎన్‌జిన్‌ఎక్స్ చిక్కును తీర్చేది అలాంటిదే. సెట్‌సీబూల్ కమాండ్‌కు పీ ఆప్షన్ జోడించి హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్‌ను ఆన్ చేస్తే రీబూట్ తరువాత కూడా అనుమతి నిలుస్తుంది. అయితే ఆ స్విచ్చు ఒక్క 3000 పోర్టుకే కాదు, వెబ్ సర్వర్‌కు అన్ని టీసీపీ పోర్టుల తలుపులూ తీస్తుంది. లాగ్‌లోని నిరాకరణల నుంచి అనుమతి నిబంధనలు రాసే ఆడిట్2అలౌ తయారుచేసే ఒక్క పంక్తి స్థానిక మాడ్యూల్ అంతకంటే ఇరుకైన అనుమతి. ఆ పనిముట్టుతో ఉన్న ప్రమాదం వేరు. లాగ్‌లోని నిరాకరణలన్నీ గంపగుత్తగా దానికి అందించి, వచ్చినదాన్ని చదవకుండా ఎక్కిస్తే, దాడి చేసినవాడి ప్రయత్నాలకు కూడా అనుమతి రాసి ఇచ్చినట్టే.

లేబుళ్ల సంగతి ఇంకా సున్నితం. హోమ్ డైరెక్టరీలో తయారుచేసిన ఇండెక్స్ ఫైలును సీపీతో వెబ్ డైరెక్టరీలోకి కాపీ చేస్తే అది అక్కడి లేబుల్‌ను పొందుతుంది. ఎమ్‌వీతో తరలిస్తే పాత యూజర్_హోమ్_టీ లేబుల్‌తోనే వచ్చి చేరుతుంది, అప్పుడు అందరికీ అన్నీ అనుమతించే 777 పర్మిషన్ ఇచ్చినా వెబ్ సర్వర్ దాన్ని చదవలేదు. చీకాన్ కమాండ్‌తో మార్చిన లేబుల్ తదుపరి రీలేబుల్‌లో చెరిగిపోతుంది కాబట్టి, సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో నిబంధనగా నమోదు చేసి, ఆపై రీస్టోర్‌కాన్ నడపడమే సరైన క్రమం.

లేబుళ్ల బాధ లేని దారిని ఇమ్యూనిక్స్ సంస్థ 1998 నుంచే సబ్‌డొమైన్ పేరిట వెతికింది. 2005లో నోవెల్ ఆ సంస్థను కొని, సబ్‌డొమైన్‌కు యాప్‌ఆర్మర్ అని పేరు పెట్టింది. ఇందులో నిబంధన ఫైలు పాత్ మీద ఉంటుంది, లేబుల్ మీద కాదు. పేరు మారితే రక్షణ మారుతుందని ఎస్‌ఈలినక్స్ పక్షం, మనిషి చదవలేని పాలసీ ఎవరికని యాప్‌ఆర్మర్ పక్షం ఏళ్ల తరబడి వాదించుకున్నాక, 2010 అక్టోబరులో వచ్చిన 2.6.36 కెర్నెల్‌లో యాప్‌ఆర్మర్‌కు చోటు దొరికింది. విచిత్రమేమిటంటే బైండ్ దగ్గర రెండూ ఒకే నిర్ణయానికి వచ్చాయి. ఉబుంటులోని యాప్‌ఆర్మర్ ప్రొఫైల్‌లో ఈటీసీ కింది బైండ్ డైరెక్టరీని చదవడానికే అనుమతి, డైనమిక్‌గా మారే జోన్ ఫైళ్లకు వార్ లిబ్‌లో వేరే చోటు. ఎస్‌ఈలినక్స్ మూల పాలసీలో నేమ్‌డ్_జోన్_టీ చదవడానికి, నేమ్‌డ్_క్యాష్_టీ రాయడానికి. డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టుకున్నవారు రెండుచోట్లా జర్నల్ ఫైలు రాయలేకపోతున్న ఎర్రర్‌తోనే ఈ విభజనను కనుగొంటూ వచ్చారు. 2019లో డెబియన్ 10 యాప్‌ఆర్మర్‌ను డిఫాల్ట్‌గా తీసుకోగా, ఒకప్పుడు నోవెల్ చేతిలో ఉండి దాన్ని పెంచిన సూసె వైపు నుంచే ఓపెన్‌సూసె టంబుల్‌వీడ్ 2025లో కొత్త ఇన్‌స్టలేషన్లకు ఎస్‌ఈలినక్స్‌ను ఎంచుకుంది.

ఎస్‌ఈలినక్స్‌ను మొత్తంగా ఆపివేసే దారి మాత్రం ఇరుకవుతోంది. ఫెడోరా 34 కాన్ఫిగ్ ఫైలు ద్వారా పూర్తిగా ఆపే వీలును తీసేసింది, 2023లో 6.4 కెర్నెల్ రన్‌టైమ్‌లో ఆపే కోడ్‌నే తొలగించింది. బూట్ పారామీటర్‌తో ఆపవచ్చు గానీ, ఆ కాలంలో పుట్టిన ఫైళ్లకు లేబుళ్లు ఉండవు, మళ్లీ ఆన్ చేసేటప్పుడు డిస్కంతా రీలేబుల్ చేయాలి. 2008 నుంచి అందుబాటులో ఉన్న మధ్యేమార్గం ఒకటుంది. సెమేనేజ్ పర్మిసివ్‌తో ఒక్క డొమైన్‌ను సడలిస్తే, నిరాకరణలు లాగ్‌లో నమోదవుతూనే ఆ సర్వీసు పని సాగుతుంది, తక్కిన డీమన్ల కట్టడి చెక్కుచెదరదు. హెచ్‌టీటీపీడీ_టీ విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. రెడ్ హ్యాట్ పాలసీలో అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం మూడూ అదే డొమైన్‌లో నడుస్తాయి కాబట్టి, ఒకదాని కోసం సడలిస్తే మూడూ సడలుతాయి.