మీకేంటండీ, టీచర్లు! కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

గుంటూరు నుంచి బస్సులో వెళ్లొచ్చేంత దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పెళ్లి భోజనాల దగ్గర, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, బ్రాడీపేటలో కూరగాయల బండి దగ్గర నా ఉద్యోగం గురించి నాకే వివరించేవాళ్లు చాలామంది తగులుతుంటారు. అన్నీ కొట్టిపారేయను. సెలవులు హాయే. జీతం టైముకి పడితే అదీ హాయే. మిగతా వాటి సంగతి చెబుతాను.

అపోహ: తొమ్మిదింటికి వెళ్తారు, నాలుగింటికి వచ్చేస్తారు.

వాస్తవం: విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో టీచరుకు వారానికి కనీసం 45 గంటల పని అని ఉంది. పాఠానికి సిద్ధం కావడం కూడా అందులో భాగమే. నోటుబుక్కులు దిద్దడం, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, ముఖం చూపించి హాజరు వేయించుకోవడం, మధ్యాహ్న భోజనంలో గుడ్లు ఎన్ని వచ్చాయో లెక్క చూసుకోవడం అన్నీ ఉంటాయి. వీటిలో నాకు విసుగు పుట్టించేది యాప్ పనే. దిద్దడం మాత్రం కాదు. బస్సులో సీటు దొరికితే అక్కడే కొన్ని పుస్తకాలు అయిపోయేవి. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం (ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం) మొదలయ్యాక ఆ సీటు దొరకడం మానేసింది. టికెట్ డబ్బులు మిగిలాయి కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదు! మిగిలిన పుస్తకాలు ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదికి వస్తాయి. స్లిప్ టెస్టు పేపర్లయితే మా అత్తయ్యగారు పక్కన కూర్చుని మార్కుల మొత్తాలు కూడతారు. ఆవిడ చదివింది ఐదో తరగతి. కూడికలో మాత్రం నాకంటే చురుకు.

అపోహ: లెక్కలు కొందరికే వస్తాయి. మావాడికి ఆ బుర్ర లేదు.

వాస్తవం: నాతో ఎక్కువమంది అనే మాట ఇదే. పిల్లవాడి ముందే అంటారు, అదీ బాధ. పుస్తకాలు దిద్దేటప్పుడు నేను చూసేది వేరు. పిల్లలు ఇష్టమొచ్చినట్టు తప్పులు చేయరు. ఏదో ఒక పద్ధతి పట్టుకుని తప్పు చేస్తారు. 1/2, 1/3 కలపమంటే 2/5 అని రాసేవాడికి కూడిక రాక కాదు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేశాడు. వాడికి సూత్రం మళ్లీ చెప్పి లాభం లేదు. ‘సగానికి ఇంకొంచెం కలిపావు కదా, సగం కంటే తక్కువ ఎట్లా వచ్చిందిరా?’ అని అడగాలి. అప్పుడు ఆగుతాడు. అలాగే 0.12 కంటే 0.8 చిన్నదని రాసేవాళ్లు ఏటా ఉంటారు. పన్నెండు కంటే ఎనిమిది చిన్నదే కదా మరి. 32లోంచి 17 తీస్తే 25 అన్న పిల్లకు తీసివేత వచ్చు. రెండులోంచి ఏడు పోదని తెలిసి, ఏడులోంచి రెండు తీసేసింది. తొమ్మిదో తరగతిలో (3+4)² అంటే 9, 16 కలిపి 25 అని రాస్తారు. నేనేమీ అనను. ముందు బ్రాకెట్లో ఉన్నది కలిపి చూడమంటాను. 7, దాని వర్గం 49. కొంతమంది ముఖంలో కోపం కనిపిస్తుంది, లెక్క తమను మోసం చేసినట్టు. ఆ కోపం నాకు భలే ఇష్టం.

తప్పు ఎక్కడ మొదలైందో దొరికితే సగం పని అయినట్టే. చాలాసార్లు అది మూడో తరగతిలోనో, నాలుగులోనో ఉంటుంది. పదో తరగతి పిల్లవాణ్ని అక్కడికి తీసుకెళ్లాలంటే సిలబస్ ఆగదు, టైమ్‌టేబుల్ ఆగదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక దొరికే పది నిమిషాలే దిక్కు.

బుర్ర లేదన్న మాటకు ఇంకో జవాబు ఉంది. మా బడిలో మిర్చి యార్డు హమాలీల పిల్లలు, రైతుల పిల్లలు ఉన్నారు. శాతాలు రావని వెనక బెంచీలో దాక్కునే కుర్రాణ్ని ఒకసారి ఇట్లా అడిగాను: ‘తేజ రకం క్వింటా 14,000 అనుకో. మూడు టిక్కీలు (బస్తాలు), ఒక్కోటి 42 కిలోలు. ఎంత వస్తుంది?’ కాగితం ముట్టుకోలేదు. 17,640 అన్నాడు. ఊరుకోకుండా ‘తాలు ఎంతుంది మేడమ్? దానికి ఈ రేటు ఇవ్వరు’ అన్నాడు. తాలు అంటే రంగు పోయిన నాసిరకం కాయలు. ఆ తాలు ప్రశ్నతోనే ఆ రోజు శాతాలు మొదలుపెట్టాను.

అపోహ: రెండు తగిలిస్తే దారికొస్తారు.

వాస్తవం: ‘కొట్టండి మేడమ్, మేమేమీ అనుకోం’ అని తల్లిదండ్రులే అంటారు. విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించేలా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, దెబ్బకు భయపడిన పిల్లవాడు చేసే మొదటి పని పక్కవాడి పుస్తకం చూసి రాయడం. మర్నాటికి అన్నీ రైట్లే. ఎక్కడ తప్పుతున్నాడో నాకు తెలిసే దారి మూసుకుపోతుంది. చూచిరాత నోట్సు ఎంత అందంగా ఉన్నా నాకు పనికిరాదు.

అపోహ: బడికి రాకపోతే చదువంటే శ్రద్ధ లేనట్టే.

వాస్తవం: మా వైపు జనవరి దాటాక హాజరు పట్టీ చూస్తే మిరపకోతలు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పొచ్చు. ఇంటిల్లిపాదీ పొద్దున్నే ఆటో ఎక్కితే, చంటిపిల్లను చూసుకోవడానికి ఏడో తరగతి అమ్మాయి ఇంట్లో ఉండిపోతుంది. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చే కుటుంబాల పిల్లలైతే వాళ్ల ఊరి బడిలోనూ ఉండరు, మా బడిలోనూ ఉండరు. అలాంటి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి గానీ, ఆడపిల్లను ఒక్కదాన్నే వదిలి వెళ్లడానికి అందరికీ మనసొప్పదు. అది శ్రద్ధ లేకపోవడం ఎట్లా అవుతుంది? మూడు వారాలు పోతే సాంఘికశాస్త్రంలో ఒక పాఠం పోతుంది. లెక్కల్లో అయితే ఆ తర్వాత చెప్పినవన్నీ పోతాయి. తిరిగొచ్చిన పిల్లలకు ముందు చెప్పిన పాఠం రెండు ముక్కల్లో చెప్పి, ఆ రోజు లెక్క ఏదో ఒకటి తప్పకుండా వాళ్ల చేత బోర్డు మీద చేయిస్తాను. లేకపోతే వారంలో మళ్లీ మాయమవుతారు, ఈసారి కోతలతో సంబంధం లేకుండా.

అపోహ: వేసవంతా ఊరికే జీతం.

వాస్తవం: ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ ఉంటుంది. ఎన్నికలు, జనాభా లెక్కలు, విపత్తులు వస్తే పిలుస్తారు, చట్టమే ఒప్పుకుంది. 2024 మే 13న పోలింగ్ మా వేసవి సెలవుల్లోనే వచ్చింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మిగతా ప్రభుత్వోద్యోగులకు ఏడాదికి 30 ఆర్జిత సెలవులుంటే, వేసవి సెలవులు ఉన్నందుకు మాకు 6 మాత్రమే.

అపోహ: టీచర్ పిల్లలు లెక్కల్లో దిట్టలు.

వాస్తవం: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. నా దగ్గర లెక్కలు చెప్పించుకోదు. ‘అమ్మా, నువ్వు ఇంట్లో కూడా మేడమ్ గొంతుతోనే మాట్లాడతావ్’ అంటుంది. పై ఫ్లోర్ అంకుల్ బ్యాంకులో చేసి రిటైరయ్యారు, ఆయన దగ్గరికి వెళ్తుంది. ఆయన చెప్పేది నేను చెప్పేదే. పైగా ఆయన జంతికలు పెడతారు. మొదట్లో కొంచెం మనసు చివుక్కుమంది, ఇప్పుడు ఆ గంట నాకే మిగులుతోంది. ఆ టైములో మావారు టీ పెడతారు. ఇద్దరం బాల్కనీలో కూర్చుని అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గొడవలు మాట్లాడుకుంటాం. ఏటా జనవరిలో బెజవాడ పుస్తక ప్రదర్శనకు మాత్రం అమ్మాయి, నేను కలిసే వెళ్తాం. తను కథల పుస్తకాలు ఏరుకుంటుంది, నేను లెక్కల పజిళ్లు కొంటాను. రైల్లో వచ్చేటప్పుడు నా పుస్తకం లాక్కుంటుంది.

అపోహ: టీచర్లకు ఫస్టు వచ్చినవాళ్లే గుర్తుంటారు.

వాస్తవం: మొన్న శంకర్ విలాస్ సెంటర్ దగ్గర ఒక కుర్రాడు బైకు ఆపి నమస్కారం పెట్టాడు. పేరు తట్టలేదు గానీ, 0.12 గొడవ తట్టింది. ఏసీలు బిగిస్తున్నాడట. పైపు కొలతలు పాయింట్లలో వస్తాయని తనే చెప్పి నవ్వాడు.

అపోహ: పేరెంట్స్ మీటింగ్ అంటే మార్కులు విని వెళ్లడం.

వాస్తవం: 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేసారి మెగా మీటింగ్ పెట్టినప్పుడు మా బడికి నాన్నలు కూడా చాలామంది వచ్చారు. అందరూ అడిగింది ఒక్కటే, ఎన్ని వచ్చాయని. మార్కులు ప్రోగ్రెస్ కార్డులో ఉంటాయండీ, ఇంట్లోనే చూసుకోవచ్చు. వచ్చేటప్పుడు పిల్లల రఫ్ నోట్సు పట్టుకురండి, కొట్టివేతలతో సహా. అందులో ఒక పేజీ చూస్తూ ఇద్దరం మాట్లాడుకుంటే పది నిమిషాల్లో పని అవుతుంది. ఇంట్లో ఎవరికీ లెక్కలు రావని మొహమాటపడి రాకుండా ఉండొద్దు, లెక్క నేను చూస్తాను. పిల్ల ఏ టైములో చదువుతోంది, ఇంట్లో ఎవరి దగ్గర మాట వింటుంది, ఈ ఏడు కోతలకు ఎప్పుడు వెళ్తున్నారు, ఇవి మీరు చెబితేనే నాకు తెలుస్తాయి.